డీటర్ బౌమాన్ పరుగు జీవితం: తరచుగా అడిగే ప్రశ్నలు

డీటర్ బౌమాన్ ఎవరు?

1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో పురుషుల 5000 మీటర్ల స్వర్ణం గెలిచిన జర్మన్ రన్నర్. 1965 ఫిబ్రవరి 9న బాడెన్-వ్యూర్టెంబెర్గ్ రాష్ట్రంలో, ఊల్మ్ నగరం పక్కనే ఉన్న బ్లౌస్టైన్‌లో పుట్టాడు. ఈ దూరంలో ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన జర్మన్ ఆయనొక్కడే. అంతకుముందు 1964 టోక్యోలో హరాల్డ్ నోర్పోత్ రజతం దాకా వచ్చాడు. బౌమాన్ తర్వాత యూరప్‌లో పుట్టిన రన్నర్ మళ్లీ ఈ స్వర్ణం గెలవడానికి 32 ఏళ్లు పట్టింది. 2024 పారిస్‌లో నార్వే రన్నర్ యాకోబ్ ఇంగెబ్రిగ్ట్‌సెన్ ఆ పని చేశాడు. మధ్యలో 2012, 2016లో బ్రిటన్ తరఫున గెలిచిన మో ఫరా సోమాలిలాండ్‌లో పుట్టినవాడు.

బౌమాన్ పేరు చెప్పగానే చాలామందికి ముందు టూత్‌పేస్టు డోపింగ్ కేసే గుర్తొస్తుంది. దాని గురించి కింద వివరంగా రాశాం. అయితే ఆ కేసు దగ్గరే ఆగిపోతే, 5000 మీటర్ల రేసును ఇంత తెలివిగా పరిగెత్తినవాళ్లు చాలా తక్కువన్న సంగతి మరుగున పడిపోతుంది. అందుకే ముందు రేసులు, తర్వాత కేసు.

ఆయన మిడిల్ డిస్టెన్స్ రన్నరా, లాంగ్ డిస్టెన్స్ రన్నరా?

రెండూ. అసలు దూరం 5000 మీటర్లు, కానీ 1500 నుంచి 10,000 దాకా అన్నిట్లో ప్రపంచ స్థాయి టైములున్నాయి. 1500 మీటర్లలో 3:33.51, 3000లో 7:30.50 (1998, మొనాకో), 5000లో 12:54.70 (1997, జ్యూరిక్), 10,000లో 27:21.53 (1997, స్పెయిన్‌లోని బరకాల్దో). 1989లో హేగ్‌లో జరిగిన యూరోపియన్ ఇండోర్ చాంపియన్‌షిప్స్‌లో 3000 మీటర్లు గెలిచాడు.

వీటిని 400 మీటర్ల ల్యాపుల్లోకి మార్చుకుంటే ఆయన ఎలాంటి రన్నరో తెలుస్తుంది. 1500లో ల్యాపుకు సగటున 56.9 సెకన్లు, 3000లో 60.1, 5000లో 62.0, 10,000లో 65.7. దూరం 1500 నుంచి 10,000కు, అంటే ఆరున్నర రెట్లకు పైగా పెరిగినా ల్యాపు టైము 9 సెకన్లలోపే పెరిగింది. కేవలం వేగం ఉన్నవాడైతే 10,000 దగ్గరికి వచ్చేసరికి ఇంతకన్నా బాగా జారిపోతాడు. కేవలం దమ్మున్నవాడికి 1500లో 3:33 రాదు. ఈ రెండూ ఒక మనిషిలో ఉండబట్టే 12 ల్యాపులు గుంపుతో కలిసి పరిగెత్తి కూడా చివరి సగం ల్యాపులో 1500 రన్నర్‌లా దూసుకెళ్లగలిగాడు.

1988 సియోల్‌లో రజతం ఎలా వచ్చింది?

కెన్యాకు చెందిన జాన్ ఎన్గూగి మొదటి కిలోమీటరు అయ్యాక ఒక్కసారిగా వేగం పెంచి గుంపును వదిలేశాడు. పోర్చుగల్ రన్నర్ డొమింగోస్ కాస్త్రో ఒంటరిగా ఎన్గూగి వెనక పడ్డాడు. మిగతావాళ్లు గుంపులోనే ఉండిపోయారు. ఎన్గూగి 13:11.70తో గెలిచాడు. కాస్త్రోకు రజతం ఖాయమనుకున్న సమయంలో, చివరి మీటర్లలో వెనకనుంచి ఇద్దరు వచ్చి ఆయన్ని దాటేశారు. బౌమాన్ 13:15.52, తూర్పు జర్మనీకి చెందిన హాన్స్‌యోర్గ్ కుంజె 13:15.73, కాస్త్రో 13:16.09.

బౌమాన్ అప్పుడు పశ్చిమ జర్మనీ తరఫున పరిగెత్తాడు. అంటే ఒకే పోడియం మీద రెండు జర్మనీలూ వేరువేరు జెండాలతో నిలబడ్డాయి. నాలుగేళ్ల తర్వాత బార్సిలోనాకు వచ్చేసరికి దేశం ఒకటైంది.

ఈ రేసులో కాస్త్రో తప్పేమిటో గమనించాలి. ముందున్నవాడిని ఒంటరిగా వెంటాడితే గాలిని తానే చీల్చుకోవాలి, వేగం కూడా తానే చూసుకోవాలి. ముందున్నవాడు అందకపోతే ఆ శ్రమంతా వృథా. గుంపులో ఉన్నవాళ్లు ఆ శక్తిని మిగుల్చుకుని చివర్లో వాడుకున్నారు.

బార్సిలోనా ఫైనల్‌లో "ఇరుక్కుపోయాడు" అంటారు. అంటే ఏమిటి?

దూరపు రేసుల్లో మొదటి కొన్ని మీటర్ల తర్వాత లేన్లు ఉండవు, అందరూ లోపలి అంచు దగ్గరికి చేరతారు. మీరు ఆ అంచును ఆనుకుని పరిగెత్తుతున్నప్పుడు ముందొకరు, కుడిపక్కన ఒకరు ఉన్నారనుకోండి. ఎడమవైపు మైదానం, అటు దిగి పరిగెత్తితే అనర్హత. ముందుకు దారి లేదు, కుడికి దారి లేదు. కాళ్లలో ఎంత వేగమున్నా పనికిరాదు. రన్నర్లు దీన్నే ఇరుక్కుపోవడం, బాక్స్ అయిపోవడం అంటారు.

1992 ఆగస్టు 8న జరిగిన ఫైనల్ చివరి ల్యాపులో బౌమాన్ పరిస్థితి అదే. కెన్యా రన్నర్ పాల్ బితోక్, ఇథియోపియా రన్నర్ ఫిటా బయీసా, మొరాకో రన్నర్ బ్రహీమ్ బూతయేబ్ దారికి అడ్డంగా ఉన్నారు. బూతయేబ్ సియోల్‌లో 10,000 మీటర్ల స్వర్ణ విజేత, కాబట్టి ఆషామాషీ గుంపు కాదు. చివరి మలుపు దాటేదాకా బౌమాన్ లోపలివైపే ఉన్నాడు. చివరి స్ట్రెయిట్‌లో (మలుపు తర్వాత వచ్చే తిన్నని భాగంలో) దారి దొరికాక ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి ఆఖరి అడుగుల్లో ముందుకొచ్చాడు. బౌమాన్ 13:12.52, బితోక్ 13:12.71, బయీసా 13:13.03, బూతయేబ్ 13:13.27. మొదటివాడికీ నాలుగోవాడికీ మధ్య ముప్పావు సెకను.

లోపల ఇరుక్కునే బదులు ముందే బయటికి ఎందుకు రాలేదు?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. జవాబు లెక్కలో ఉంది.

ట్రాక్ మలుపు అర్ధవృత్తం. మీరు లోపలి దారికన్నా ఒక మీటరు బయటగా ఒక మలుపు మొత్తం పరిగెత్తితే 3.14 మీటర్లు ఎక్కువ పరిగెత్తినట్టు. వ్యాసార్థం ఒక మీటరు పెరిగితే అర్ధవృత్తం పొడవు π మీటర్లు, అంటే 3.14 మీటర్లు పెరుగుతుంది, మలుపు ఎంత పెద్దదైనా ఈ లెక్క మారదు. చివరి 200 మీటర్లు 27 సెకన్లలో పరిగెత్తేవాడి వేగం సెకనుకు 7.4 మీటర్లు. అంటే ఆ 3.14 మీటర్లకు 0.42 సెకను ఖర్చవుతుంది. బౌమాన్ గెలిచిన తేడా 0.19 సెకను. చివరి మలుపును ఒక మీటరు బయటగా పరిగెత్తి ఉంటే, మిగతాదంతా అలాగే జరిగినా, స్వర్ణం చేజారేది.

స్ట్రెయిట్‌లో ఈ నష్టం దాదాపు ఉండదు. ఒక మీటరు పక్కకు జరగడానికి అయ్యే అదనపు దూరం సెంటీమీటర్లలోనే ఉంటుంది. కాబట్టి మలుపులో ఓపిగ్గా లోపలే ఉండి, స్ట్రెయిట్‌లో బయటికి రావడం లెక్క ప్రకారం సరైన పని. కాకపోతే స్ట్రెయిట్‌లో దారి దొరుకుతుందన్న హామీ లేదు. ముందున్నవాళ్లు అలసిపోయి విడిపోవాలి. 12 ల్యాపులయ్యాక చాలాసార్లు అలాగే జరుగుతుంది, ఎందుకంటే అలసిన కాళ్లు మలుపు చివర్లో లోపలి గీతను పట్టుకుని ఉండలేక కాస్త బయటికి కొట్టుకుపోతాయి. ఆ ఖాళీ కోసమే వెనకున్నవాడు కాచుకుని ఉండాలి.

ఇది మా స్థాయి రన్నర్లకు పనికొచ్చే విషయమేనా?

జిల్లా మీట్‌లో 5000 పరిగెత్తేవాళ్లకు కూడా పనికొస్తుంది. ఇరుక్కున్నప్పుడు చేయాల్సినవి వరసగా చెబుతాం.

మొదట భుజాలు వదులు చేసి, ముందున్నవాడికీ మీకూ మధ్య ఒక అడుగు ఖాళీ రానివ్వండి. అంటే అర సెకను పాటు వేగం తగ్గించాలి. చాలామంది దీనికి భయపడి ముందున్నవాడి మడమల మీద పడుతుంటారు, స్పైకులు తగిలి ఇద్దరూ పడిపోయేది అప్పుడే. ఖాళీ వచ్చాక కుడిపక్కవాడు మీకన్నా ముందుకు వెళ్లనివ్వండి. అతని భుజం మీ భుజం కన్నా ముందుకు వెళ్లగానే అతని వెనకనుంచి కుడికి జరగండి. మోచేతులతో తోసుకుని రావద్దు, అనర్హత ప్రమాదం ఉంటుంది. బయటికి వచ్చాక మళ్లీ చుట్టూ చూడకండి, గీత దాటేదాకా ఒకే ఊపులో వెళ్లాలి.

సాధనలో దీన్ని విడిగా నేర్చుకోవాలి. దూరపు రన్నర్లు మామూలుగా చేసే ఒక పద్ధతి: 1000 మీటర్లు రేసు వేగంతో, వెంటనే ఆగకుండా 200 మీటర్లు వీలైనంత వేగంగా, తర్వాత 3 నుంచి 4 నిమిషాల విరామం, మొత్తం నాలుగుసార్లు. అలసిన కాళ్లతో వేగం మార్చడం దీనివల్ల అలవాటవుతుంది. హాయిగా ఉన్న కాళ్లతో విడిగా 200లు కొట్టినంత మాత్రాన రేసు చివర్లో కిక్, అంటే ఒక్కసారిగా దూసుకెళ్లే వేగం, రాదు. ఎక్కువమంది చేసే పొరపాటు ఇక్కడే.

చివరిదాకా ఆగే పద్ధతి ఎప్పుడు దెబ్బతింటుంది?

ఎవరైనా ముందే పారిపోయినప్పుడు. 1991 టోక్యో ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో కెన్యా రన్నర్ యోబెస్ ఒండియెకి మొదట్లోనే గుంపును వదిలేసి 13:14.45తో గెలిచాడు. వెనక మిగిలినవాళ్లు రజతం, కాంస్యం కోసం కొట్టుకున్నారు, బౌమాన్ నాలుగో స్థానంలో వచ్చాడు. ఆ రోజు కిక్ ఎంత బాగున్నా స్వర్ణం అందదు.

గుంపులో తనలాంటి కిక్ ఉన్నవాళ్లు ఇంకొందరు ఉన్నప్పుడు కూడా దెబ్బతింటుంది. 1996 అట్లాంటాలో బురుండీకి చెందిన వెనుస్తే నియోంగాబో 13:07.96తో గెలిచాడు. బితోక్‌కు మళ్లీ రజతమే, 13:08.16. మొరాకో రన్నర్ ఖాలిద్ బూలామి 13:08.37. బౌమాన్ 13:08.81తో నాలుగోవాడు. తాను స్వర్ణం గెలిచిన బార్సిలోనా రేసు కన్నా దాదాపు 4 సెకన్లు వేగంగా పరిగెత్తాడు, కానీ పతకం రాలేదు. నియోంగాబో అసలు 1500 మీటర్ల మనిషి. అలాంటివాడు చివరి ల్యాపు దాకా గుంపులో ఉంటే మిగతావాళ్లకు కష్టమే.

1994 హెల్సింకీ యూరోపియన్ చాంపియన్‌షిప్స్‌లో మాత్రం రేసు నెమ్మదిగా సాగింది, బౌమాన్‌కు కావలసిందీ అదే. 13:36.93తో స్వర్ణం. టైము మామూలుది, గెలుపు మాత్రం తిరుగులేనిది.

5000 మీటర్లను 13 నిమిషాల లోపు పరిగెత్తిన మొదటి యూరోపియన్ ఆయనేనా?

అవును. అంతకుముందు యూరప్ రికార్డు బ్రిటన్‌కు చెందిన డేవ్ మూర్‌క్రాఫ్ట్ 1982లో నెలకొల్పిన 13:00.41. అర సెకను దూరంలో ఆగిపోయిన ఆ టైము 15 ఏళ్లు నిలిచింది. 1997 ఆగస్టు 13న జ్యూరిక్‌లో బౌమాన్ 12:54.70 పరిగెత్తాడు. అప్పటికి ఆయన వయసు 32.

ఆ రాత్రి అదే రేసులో హైలే గెబ్రసెలాసీ 12:41.86తో ప్రపంచ రికార్డు పెట్టాడు, డానియెల్ కోమెన్ 12:44.90. రికార్డు కోసం ముందు సాగుతున్న వేగాన్ని పట్టుకోవాలని ఆశపడితే మూడో కిలోమీటరుకు కాళ్లు బిగుసుకుపోతాయి. బౌమాన్ తన వేగం తాను చూసుకున్నాడు. కిలోమీటరుకు సగటున 2:34.9. వేగవంతమైన రేసులో వెనక ఉండి మంచి టైము తీసుకోవాలనుకునేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది.

యూరప్ రికార్డును 2000లో బెల్జియం రన్నర్ మొహమ్మద్ మూరిత్ 12:49.71తో దాటాడు. జర్మన్ రికార్డుగా మాత్రం బౌమాన్ టైము ఇరవై ఏళ్లకు పైగా నిలిచింది.

ఒక చిన్న సవరణ. ఆఫ్రికా బయటివాళ్లలో 13 నిమిషాల లోపు పరిగెత్తిన మొదటివాడు కూడా బౌమానే అని కొన్నిచోట్ల కనిపిస్తుంది, అది తప్పు. అమెరికాకు చెందిన బాబ్ కెనడీ 1996లోనే 12:58.21 పరిగెత్తాడు.

కోచ్ ఎవరు? "తెల్ల కెన్యన్" అని ఎందుకు పిలిచారు?

కోచ్ ఆయన భార్య ఇసబెల్ బౌమాన్. ఆమె కూడా ట్రాక్ రన్నరే. ఇద్దరూ ట్యూబింగెన్‌లో స్థిరపడ్డారు. కెన్యా రన్నర్లతో చివరి ల్యాపులో సరిసమానంగా పోరాడి గెలిచిన తీరు చూసి జర్మన్ పత్రికలు ఆ పేరు పెట్టాయి. ఆయన కెన్యా పీఠభూమికి వెళ్లి శిక్షణ పొందిన మాట కూడా నిజమే.

ఎత్తైన చోట సాధన వల్ల లాభం రక్తంలో ఉంటుంది. 2000 మీటర్లు దాటిన ఎత్తులో గాలిలో ఆక్సిజన్ ఒత్తిడి తక్కువ కాబట్టి శరీరం ఎర్ర రక్తకణాలను ఎక్కువగా తయారు చేసుకుంటుంది. దానికి కనీసం మూడు వారాలు కావాలి. వారం రోజులు కొండ మీద గడిపి వస్తే అలసట తప్ప పెద్దగా దక్కేదేమీ ఉండదు. రక్తంలో ఐరన్ తక్కువగా ఉంటే మూడు వారాలున్నా ఫలితం రాదు, అందుకే వెళ్లే ముందు ఫెరిటిన్ పరీక్ష చేయించుకుంటారు. మొదటి వారం వేగపు సాధన తగ్గించకపోతే ఆ శిబిరం మొత్తం పాడవుతుంది.

10,000 మీటర్లకు ఎందుకు మారాడు?

వయసుతోపాటు కిక్ కొంచెం తగ్గుతుంది, దమ్ము అంత తొందరగా తగ్గదు. 33 ఏళ్ల వయసులో 1998 బుడాపెస్ట్ యూరోపియన్ చాంపియన్‌షిప్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తి 27:56.75తో రజతం తెచ్చుకున్నాడు. పోర్చుగల్ రన్నర్ ఆంటోనియో పింటో 27:48.62తో గెలిచాడు, మరో జర్మన్ స్టెఫాన్ ఫ్రాంకె మూడోవాడు. ఇక్కడ తేడా 8 సెకన్లు. పింటో మారథాన్ దమ్మున్నవాడు, చివరి ల్యాపు దాకా గుంపును రానివ్వలేదు.

టూత్‌పేస్టు కేసు అసలేమిటి?

తేదీల ప్రకారం చూద్దాం. 1999 అక్టోబర్ 19న, నవంబర్ 12న సాధన కాలంలో తీసుకున్న రెండు మూత్ర శాంపిళ్లలో నాండ్రొలోన్ ఆనవాళ్లు దొరికాయి. నాండ్రొలోన్ కండ పెంచే స్టెరాయిడ్. బౌమాన్ అప్పటికి డోపింగ్‌కు వ్యతిరేకంగా జర్మనీలో గట్టిగా మాట్లాడే క్రీడాకారుల్లో ఒకడు, అందుకే ఆ వార్త దేశాన్ని కుదిపేసింది.

తాను ఏమీ తీసుకోలేదని ఆయన చెప్పాడు. ఇంట్లో వాడే వస్తువులన్నీ పరీక్షకు వెళ్లాయి. కొలోన్‌లోని డోపింగ్ పరీక్షల ప్రయోగశాల ఆయన టూత్‌పేస్టులో నోరాండ్రోస్టెన్‌డయోన్ అనే పదార్థాన్ని కనిపెట్టింది. ఎవరో కావాలని కలిపారన్నది బౌమాన్ వాదన. పోలీసు దర్యాప్తు జరిగింది, కలిపినవాళ్లు ఎవరో తేలలేదు.

2000 వేసవిలో జర్మన్ అథ్లెటిక్స్ సమాఖ్య న్యాయ విభాగం ఆయన్ని నిర్దోషిగా తేల్చింది. అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య ఒప్పుకోలేదు. ఆ సెప్టెంబర్‌లో సిడ్నీలో, ఒలింపిక్స్ జరుగుతున్న సమయంలోనే, దాని మధ్యవర్తుల బృందం రెండేళ్ల నిషేధం విధించింది. క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం అక్కడే, 2000 సెప్టెంబర్ 22న ఆయన అప్పీలును కొట్టేసింది. రేసు కోసం సిడ్నీ దాకా వెళ్లిన రన్నర్ ట్రాక్ మీదికి దిగలేకపోయాడు. నిషేధం 2002 జనవరిలో ముగిసింది.

టూత్‌పేస్టుతో పరీక్ష పాజిటివ్ కావడం సాధ్యమేనా?

రసాయనశాస్త్రం ప్రకారం సాధ్యమే. నోరాండ్రోస్టెన్‌డయోన్ శరీరంలోకి వెళ్లాక నాండ్రొలోన్‌గా మారుతుంది, అది నోరాండ్రోస్టెరోన్ రూపంలో మూత్రంలోకి వస్తుంది. ప్రయోగశాల కొలిచేది ఈ చివరి పదార్థాన్ని. మనిషి ఇంజెక్షన్ తీసుకున్నా, కలుషితమైన వస్తువు మింగినా చివరికి కనిపించేది అదే. పురుషులకు అప్పటి పరిమితి మిల్లీలీటరు మూత్రంలో 2 నానోగ్రాములు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు. పళ్లు తోముకునేటప్పుడు కొంత పేస్టు నోటి పొరల ద్వారా, కొంత మింగడం వల్ల లోపలికి వెళుతుంది. ఆ పరిమితి దాటడానికి చాలా తక్కువ మోతాదు సరిపోతుంది.

ఆ రోజుల్లో నాండ్రొలోన్ కేసులు వరసగా వచ్చాయి. తర్వాత కొలోన్ ప్రయోగశాల 13 దేశాల్లో కొన్న 634 పోషక సప్లిమెంట్లను పరీక్షిస్తే 94 డబ్బాల్లో, అంటే ప్రతి ఏడింటిలో ఒకదాంట్లో, లేబుల్ మీద రాయని స్టెరాయిడ్ పదార్థాలు దొరికాయి. కలుషితం అనేది కేవలం సాకు కాదని ఆ పరీక్షలతో తేలింది. అయితే పేస్టులో ఆ పదార్థం దొరకడం ఒక సంగతి, దాన్ని ఎవరు, ఎప్పుడు కలిపారన్నది వేరే సంగతి.

ఒక సమాఖ్య నిర్దోషి అన్నాక ఇంకొకరు ఎలా శిక్షిస్తారు?

డోపింగ్ నియమాల్లో మూల సూత్రం ఒకటుంది: మీ శరీరంలో ఏం దొరికినా బాధ్యత మీదే. ఉద్దేశం నిరూపించాల్సిన పని సమాఖ్యకు లేదు. పదార్థం ఎలా వచ్చిందో, అందులో తన తప్పు ఎందుకు లేదో చూపాల్సింది క్రీడాకారుడే. మామూలు కోర్టులో నేరం నిరూపించే భారం ఆరోపించినవాడి మీద ఉంటుంది, ఇక్కడ తిరగబడుతుంది. జర్మన్ న్యాయ విభాగం బౌమాన్ వివరణను నమ్మింది, అంతర్జాతీయ బృందం నమ్మలేదు. జాతీయ సమాఖ్య తీర్పును అంతర్జాతీయ సమాఖ్య మధ్యవర్తుల ముందు సవాలు చేసే హక్కు నియమాల్లోనే ఉంది.

ఇంతకీ ఆయన తప్పు చేశాడా లేదా?

అధికారికంగా రికార్డులో ఉన్నది: శాంపిళ్లు పాజిటివ్, రెండేళ్ల నిషేధం, అప్పీలు తిరస్కరణ. దీన్ని మార్చే తీర్పు ఆ తర్వాత రాలేదు. పేస్టులో ఆ పదార్థం ఉన్నమాట కూడా అంతే నిజం. కలిపినవాళ్లు దొరకలేదు. ఈ మూడింటినీ పక్కపక్కనే పెట్టుకుని చూడాలి తప్ప, ఒకటి పట్టుకుని మిగతా రెండూ వదిలేస్తే ఆయనకూ అన్యాయమే, క్రీడకూ అన్యాయమే.

1992 స్వర్ణం వెనక్కి తీసుకున్నారా?

లేదు. 1999 శాంపిళ్లకు ముందు ఫలితాలన్నీ అలాగే ఉన్నాయి.

ఇప్పుడు అలాంటిది జరిగితే నియమాలు ఎలా ఉన్నాయి?

2015 నుంచి స్టెరాయిడ్‌కు మామూలు శిక్ష నాలుగేళ్లు. కలుషితమైన వస్తువు వల్లే వచ్చిందని, తన తప్పు పెద్దగా లేదని క్రీడాకారుడు నిరూపిస్తే అది మందలింపు నుంచి రెండేళ్ల దాకా తగ్గొచ్చు. తక్కువ మోతాదులో నోరాండ్రోస్టెరోన్ దొరికితే, అది శరీరంలో సహజంగా వచ్చిందా, బయటినుంచి వెళ్లిందా అని తేల్చడానికి కార్బన్ ఐసోటోప్ పరీక్ష కూడా చేస్తున్నారు. ఇవే నియమాలు జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ (నాడా) ద్వారా మన దేశపు రన్నర్లకూ వర్తిస్తాయి, కాబట్టి కొన్ని జాగ్రత్తలు చెప్పుకోవాలి.

శాంపిల్ ఇచ్చేటప్పుడు కనీసం 90 మిల్లీలీటర్లు కావాలి. ఆ శాంపిల్‌ను రెండుగా నింపే 'ఏ', 'బి' సీసాల మీద ఉన్న నంబర్లు ఫారంలోని నంబర్లతో సరిపోయాయో మీ కళ్లతో చూసుకోండి. గత ఏడు రోజుల్లో వాడిన మందులు, విటమిన్లు, ప్రొటీన్ పొడులు అన్నీ ఫారంలో రాయండి. రాయడం మర్చిపోయి తర్వాత "ఆ డబ్బా వల్లే వచ్చింది" అంటే నమ్మడం కష్టం. వాడుతున్న సప్లిమెంట్ బిల్లు, బ్యాచ్ నంబర్ దాచుకోండి. వీలైతే అదే బ్యాచ్‌కు చెందిన సీలు తీయని డబ్బా ఒకటి పక్కన పెట్టుకోండి, ఎందుకంటే తెరిచిన డబ్బాలో ఏం దొరికినా "మీరే కలిపి ఉండొచ్చు కదా" అన్న ప్రశ్న వస్తుంది. 'ఏ' సీసా శాంపిల్ పాజిటివ్ అని ఉత్తరం వస్తే, 'బి' సీసా తెరిచేటప్పుడు మీరు గానీ మీ ప్రతినిధి గానీ అక్కడ ఉండే హక్కు మీకుంది.

నిషేధం తర్వాత తిరిగి వచ్చాడా?

వచ్చాడు. 2002 ఆగస్టులో మ్యూనిక్ యూరోపియన్ చాంపియన్‌షిప్స్, 10,000 మీటర్లు, సొంత దేశపు ప్రేక్షకులు. వయసు 37. 25 ల్యాపుల రేసు చివరి మీటర్లకు వచ్చి తేలింది. స్పెయిన్ రన్నర్ హోసె మాన్యుయెల్ మార్తీనెజ్ 27:47.65, బౌమాన్ 27:47.87, మరో స్పెయిన్ రన్నర్ హోసె రియోస్ 27:48.29.

0.22 సెకను తేడాతో స్వర్ణం పోయింది. బార్సిలోనాలో 0.19 తేడాతో స్వర్ణం వచ్చింది, సియోల్‌లో కుంజె కన్నా 0.21 ముందు వచ్చి రజతం దక్కింది. అట్లాంటాలో కాంస్యం 0.44 దూరంలో ఆగిపోయింది. కానీ మ్యూనిక్‌లో మనం మెచ్చుకోవాల్సింది వేరే ఉంది. రెండేళ్లు అంతర్జాతీయ రేసు లేకుండా, గుంపులో పరిగెత్తే అలవాటు తప్పిన వయసు మీదపడిన రన్నర్ చివరి స్ట్రెయిట్ దాకా స్వర్ణం పోటీలో నిలబడటం చాలా అరుదు. సాధనతో దమ్ము నిలుపుకోవచ్చు, గుంపులో ఎప్పుడు కదలాలన్న అంచనా మాత్రం రేసుల్లోనే పదును మీద ఉంటుంది.

మారథాన్ పరిగెత్తాడా?

2002 వసంతంలో హాంబుర్గ్‌లో మొదలుపెట్టాడు, పూర్తి చేయలేదు. ట్రాక్ మీద ఉన్నంత పేరు రోడ్డు మీద రాలేదు.

రిటైరయ్యాక ఏం చేశాడు?

2003లో పోటీ పరుగు ముగించాడు. తర్వాత కోచ్‌గా, రచయితగా, వేదిక మీద హాస్య ప్రదర్శనలిచ్చే కళాకారుడిగా పనిచేశాడు. ఆయన దగ్గర సాధన చేసినవాళ్లలో ఆర్నె గాబియుస్ ఒకడు. గాబియుస్ 2012 యూరోపియన్ చాంపియన్‌షిప్స్‌లో 5000 మీటర్ల రజతం గెలిచాడు, ఆ తర్వాత మారథాన్‌కు మారి 2015లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో 2:08:33తో అప్పటి జర్మన్ రికార్డు పెట్టాడు.

బార్సిలోనా ఫైనల్ వీడియో చూసేటప్పుడు ఏం గమనించాలి?

చివరి ల్యాపు గంట మోగాక ముందున్నవాళ్లను చూడకండి, బౌమాన్‌నే చూడండి. లోపలి అంచుకు ఎంత దగ్గరగా ఉన్నాడో, మలుపులో బయటికి రావాలని తొందరపడుతున్నాడా లేదా గమనించండి. స్ట్రెయిట్ మొదలయ్యే చోట వీడియో ఆపి, ఆయన కుడిపక్క ఎంత ఖాళీ ఉందో చూడండి. తర్వాత నెమ్మదిగా ముందుకు జరుపుతూ ఆ ఖాళీ ఎప్పుడు పెరిగిందో, ఆయన మొదటి అడుగు అటు ఎప్పుడు పడిందో పట్టుకోండి. అదే వీడియోను రెండోసారి బితోక్‌ను చూస్తూ నడపండి. బయటివైపు పరిగెత్తినవాడికి మలుపులో ఎన్ని మీటర్లు ఖర్చయ్యాయో అప్పుడు పై లెక్కతో పోల్చుకోవచ్చు.